తుమ్మిందా?

తప్కిగెన్ ముసలమ్మ సొరబుర్రను గడప దాటనివ్వదు.
"పాలు పట్టుకుపో. బుర్ర ఇంటిది" అంది.
ముప్పై రోజుల ముర్సిక్,
సెనెత్వెత్ కొమ్మ కాల్చి
తాటిపీచు కుంచెతో లోగోడలకు రుద్దిన బొగ్గు,
రెండూ కలిసి చిన్న సీసాలో
వానకు ముందు మబ్బురంగులో ఒదిగాయి.
మంచుపెట్టె ఒళ్లో పెట్టుకుని
బాడుగ మోటారుసైకిలు మీద నంది కొండలు దిగాను.

మేం పాలకు తోడు పెట్టం.
కాచి, చల్లార్చి, బుర్రలో పోసి, మూత బిగించి
గోడవారన వదిలేస్తాం.
తోడు బుర్రలోనే కాపురముంటుంది,
పోసిన పాలు పోయినా తను పోదు.
దాన్ని పట్టుకురమ్మనే నన్ను పంపారు.

ఎల్డొరెట్‌లో ల్యాబు. ఆరునెలల కాంట్రాక్టు,
తుమ్మితే ఊడే ఉద్యోగం.
ఒక వంతు పాలు తొమ్మిది వంతుల ఉప్పునీళ్లలో,
అందులోంచి ఒక వంతు మరో తొమ్మిదిలో,
గుంపును పలచన చేస్తూ, చేస్తూ,
ఒక్కొక్కటీ ఒంటరయ్యేదాకా.
మొదటి వారం పళ్లేల నిండా ఈస్టు పొంగింది,
పిలవని చుట్టాలే పీటలన్నీ ఆక్రమించినట్టు.
"పారేయ్" అన్నాడు డాక్టర్ ఓయుగి, తలెత్తకుండానే.
పారేశాను. మళ్లీ కొండెక్కాను.
ముసలమ్మ నవ్వింది: "పారిపోయిందా?"

ఈసారి సుద్దపొడి కలిపిన అగర్.
గాజుజాడీలో పళ్లేలు పేర్చి, కొవ్వొత్తి వెలిగించి, మూతపెట్టి,
ఉన్న గాలి తిని మంట తనంతట ఆరేదాకా కూర్చున్నాను.
మూడోనాటికి
ఆ తెల్లటి మసకలో ఆవగింజంత చుక్క,
దాని చుట్టూ, అదే కరిగించుకున్న
తేటనీటిలాంటి వలయం.
ఊడ్చుకున్న వాకిలి.

తీగతో ఎత్తి గీశాను. మళ్లీ ఎత్తి మళ్లీ గీశాను.
పెరాక్సైడు చుక్క వేశాను. బుడగ రాలేదు.
మా పనిలో ఏమీ జరగకపోవడమూ ఒక జవాబే.
మైక్రోస్కోపు కింద ఊదారంగు పుల్లలు,
ఎవరో వంటచెరకు విరిచి పడేసినట్టు.

ఇక పేరు.
నలభైతొమ్మిది గుంటలు, గుంటకో చక్కెర.
నచ్చింది తింటే గుంట ఊదా నుంచి పసుపవుతుంది.
ఒక్కో గుంట మీదకూ వంగి చూస్తుంటే
అమ్మ చెప్పింది గుర్తొచ్చింది:
నేను పుట్టినప్పుడు ఆడవాళ్లు చుట్టూ చేరి
పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే పిలిచారట.
ఏ పేరుకు బిడ్డ తుమ్మితే ఆ మనిషి తిరిగొచ్చినట్టు.
మంచివాళ్ల పేర్లన్నీ అయిపోయాయి. నేను తుమ్మలేదు.
మేనత్త నస్యం చూపించింది. ఊహూఁ.
చివరికెవరో విసుగెత్తి
ఇద్దరు మొగుళ్లను తరిమేసిన జెరోబోన్ పేరన్నారు.
హాచ్!
అదే నా పేరు.

రైబోజు, పసుపు. మానిటాలు, పసుపు.
రామ్నోజు ఊదా. మర్నాడు చూసినా ఊదాయే.
అరబినోజు మాత్రం ఎటూ తేల్చని పాచిరంగు.
డీఎన్ఏ నైరోబీ వెళ్లి పన్నెండు రోజులకు
తొంభైతొమ్మిది పాయింట్ ఆరు శాతం పోలికతో
లాటిన్‌లో బారెడు పేరు మోసుకొచ్చింది.
మిగిలిన పాయింట్ నాలుగు ఎవరి పోలిక అని అడిగితే
"అది పేపర్లో రాయం" అన్నాడు డాక్టర్.

ఆ పేరు ముసలమ్మకు చదివి వినిపించాను,
నాకే నోరు తిరగక, కూడబలుక్కుని.
బుర్ర తోముతున్న చెయ్యి ఆగింది.
"తుమ్మిందా?"
"నలభైతొమ్మిదింటికి ఇరవైరెండుసార్లు."
"ఇరవైరెండా! పాపం, జలుబేమో"
అంటూ మళ్లీ తోముకుంది.

తాగి వెళ్లమంది. తాగాను.
పెదవి మీద బొగ్గు మరకతో కొండ దిగుతుంటే
ఎదురుగా టీ ఆకు లారీ, ఎర్రదుమ్ము,
ఆపుకోలేక తుమ్మాను.
బండి కుర్రాడు వేగం తగ్గించి, తల తిప్పకుండా,
"ఎవరు పిలిచారు?" అన్నాడు.